పదకొండు గంటల నీళ్లు

రోజూ పదకొండు గంటలకు మా షాపులో టంగుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. కత్తెర పిడితో స్టీలు గ్లాసు అంచు మీద కొట్టిన చప్పుడు అది. దానికి నాలుగు మిషన్లూ ఒక్కసారి ఆగిపోతాయి. నకిరేకల్ మెయిన్ రోడ్డు మీది షాపు కాబట్టి బయట లారీల హారన్లు మోగుతూనే ఉంటాయి గానీ, లోపల మాత్రం పైన తిరిగే ఫ్యాను, నలుగురు ఆడవాళ్ల గొంతుల్లో దిగుతున్న గుటకలు తప్ప ఇంకేమీ వినిపించవు. ఇవాళ కొత్తగా వచ్చిన ఒకామె కొలతలు ఇస్తూ ఇస్తూ ఉలిక్కిపడి, "ఏందమ్మా ఇది, బడి గంటనా?" అని అడిగింది. "అట్లాంటిదే" అని నవ్వి, నా గ్లాసు ఖాళీ చేశాకే మళ్లీ టేపు పట్టుకున్నాను. ఆమె ముఖం చూస్తే, నాకు కొంచెం పిచ్చి ఉందని అనుకున్నట్టే ఉంది. అనుకోనీ. ఆ గంట కొట్టడం నాకు నేర్పిన మనిషి పేరు సుగుణ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. మోత్కూరు దాటితే ఆమె ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

మోత్కూరులో బస్టాండుకు కాస్త అవతల తొమ్మిది షట్టర్ల వరుస ఒకటి ఉండేది. షట్టరు దుకాణాన్ని మా వైపు మడిగె అంటారు. మూడో మడిగె మీద నీలం రంగు బోర్డు, దాని మీద తెల్లటి అక్షరాలతో "సుగుణ లేడీస్ టైలర్". నేను ఆ మెట్టు ఎక్కేనాటికి తెలంగాణ వచ్చి రెండో ఏడు నడుస్తోంది. నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మాది తిరుమలగిరి పక్కన చిన్న ఊరు. నా భర్త మోత్కూరు మార్కెట్లో హమాలీ పని చేసేవాడు, పిల్లలిద్దరూ బడిలో పడ్డారు. ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్ కుట్టేదాన్ని. జాకెట్ కుట్టడం నేర్చుకుంటే మనిషినవుతానని నా ఆశ. సుగుణక్కకు అప్పటికి నలభై ఐదు దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు, వాటిని ఆపడానికి వెనక కట్టుకున్న నల్లదారం. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, నేను వేసుకున్న జాకెట్ వైపు వేలు చూపించి, "గా సంకల గుంజుతలేదా?" అని అడిగింది. గుంజుతోందన్నాను. "కుట్టినోడు నీ కొలతలు తీస్కోలేదు, వాళ్ల పెండ్లాం కొలతలు తీస్కున్నడు. కూసో" అంది. అంతే, నేను పనిలో చేరిపోయాను.

ఆమె నాకు నేర్పిన మొదటి పాఠం కత్తెర పట్టుకోవడం కాదు. రెండో రోజు నేను ఇంటి నుంచి నీళ్ల సీసా తెచ్చుకున్నాను. ఆమె దాన్ని చూసి, మిషన్ ఆపకుండానే, "రేపటి సంది గా బాటిల్ ఇంటికాడనే పెట్టిరా" అంది.

"ఎందుకక్కా?"

"తాగితే పోవాలె. పోతే ఏడికి పోతవ్?"

నిజమే, ఎక్కడికి పోవాలి? మడిగెల వెనక సర్కారు తుమ్మ చెట్లు, ఒక మొండి గోడ. మగవాళ్లకు ఆ గోడ చాలు. ఆడవాళ్లు బస్టాండు దాకా నడిచిపోవాలి. అక్కడి గదికి ఒక్కోసారి తాళం ఉండేది, తాళం లేని రోజు తలుపు ఉండేది కాదు. పోయి వచ్చేసరికి కొలతలకు వచ్చిన మనిషి ఇంకో మెట్టు ఎక్కేస్తుంది. సుగుణక్క మిషన్ సొరుగులోంచి ఒక లవంగం తీసి నా చేతిలో పెట్టింది. "నమలకు. నాలిక కింద వెట్టుకో. నోరు ఎండదు, దూపనే కాదు. నేను గిట్లనే వెళ్లదీస్తున్న" అంది. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు, సాయంత్రం ఇల్లు చేరాక రెండు గ్లాసులు, మధ్యలో లవంగాలు. అదీ ఆమె లెక్క. నెల తిరిగేసరికి నేనూ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా చుక్క నీరు లేకుండా ఉండగలిగాను. "మంచిగ అలవాటైనవ్" అని ఆమె మెచ్చుకుంటే పరీక్ష పాసైనంత సంబరపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ సంబరం మీద నాకే కోపం వస్తుంది. కానీ ఆ రోజుల్లో ఆ వరుసలోని గాజుల దుకాణం లక్ష్మి, చివర్లో పూలమ్మే ముసలవ్వ, మేమిద్దరం, నలుగురం అట్లాగే బతికాం. ఎవరూ దాని గురించి పైకి మాట్లాడలేదు. మాట్లాడవలసిన సంగతే కాదనుకున్నాం.

సుగుణక్క పనిమంతురాలు. ఆ మాట అందరి గురించీ అంటారు కాబట్టి సరిగ్గా చెబుతాను. ఆమె దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉండేది, ఊళ్లో ఆడవాళ్ల కొలతలన్నీ అందులో ఉండేవి. కాన్పుకు ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత. ఏ భుజం కాస్త వాలి ఉంటుందో, ఎవరికి వీపు మీద మచ్చ ఉందో, ఆ మచ్చ కనపడకుండా మెడ ఎంత ఎత్తు పెట్టాలో కూడా రాసుకునేది. ఆమె చర్చికి పోయే మనిషి. బతుకమ్మ ఆడేది ఊరంతా, ఆ ఊరంతటికీ జాకెట్లు కుట్టేది ఆదివారం చర్చికి పోయే సుగుణక్క. వినాయక చవితి దాటిందంటే చాలు, మడిగెలో మనిషి నిలబడే జాగా ఉండేది కాదు. ఆ నెల రోజులూ ఆదివారం కూడా షట్టరు లేచేది. దేవుడితో ఆమెకు ఏదో ఒప్పందం ఉండి ఉంటుంది.

టైలర్ల గురించి మీకు తెలిసిందే. దసరాకిచ్చిన జాకెట్ దీపావళికి చేతికొస్తే అదృష్టం. పోయినప్పుడల్లా "రేపు రా" అంటారు. సుగుణక్క ఇరవై ఏళ్లలో ఒక్కరికి కూడా ఆ మాట చెప్పలేదు. "గురువారం ఇస్త" అంటే గురువారం మడతపెట్టి, గుండీలు కుట్టి, కాగితంలో చుట్టి ఉండేది. అది ఆమె గర్వం. ఆ గర్వం కోసం ఎంత పని వచ్చినా పట్టుకునేది, పట్టుకున్నదంతా ఇచ్చేది. అన్నం గిన్నె మూత తీసి రెండు ముద్దలు తిని మళ్లీ పాదం పెడలు మీద పెట్టేది. "మనకు సెలవు ఇచ్చెటోడు ఎవడున్నడు రేణుకా? షట్టర్ దించితే గా దినం లేనట్టే" అనేది. నౌకరీ చేసే వాళ్లకు పై అధికారి ఉంటాడు, తిట్టుకోవడానికైనా పనికొస్తాడు. తన పని తాను చేసుకునే మనిషికి తానే అధికారి. సుగుణక్కంత కఠినమైన అధికారిని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

నేను చేరిన మూడో ఏడు ఆమెకు నడుము నొప్పి పట్టుకుంది. మిషన్ తొక్కేవాళ్లకు నడుము నొప్పి రాకపోతే ఆశ్చర్యం కాబట్టి మేమెవరం పట్టించుకోలేదు. నొప్పి గోలీ వేసుకునేది. మొదట వారానికొకటి, తర్వాత రోజూ. గోలీ కూడా ఒక్క గుక్క నీళ్లతోనే మింగేది, రెండో గుక్క దండగన్నట్టు. మూత్రానికి పోతే మంట అని ఒకసారి నా చెవిలో చెప్పింది. "వేడి చేసింది, మజ్జిగ తాగక్కా" అన్నాను. నేనిచ్చిన సలహా అది. దానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆ ఏడు పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకు పన్నెండు రోజులుంది. మా మడిగెల యజమాని భార్య సరోజనమ్మ గద్వాల చీర కొనుక్కుని, దాని జాకెట్ గుడ్డ ఇచ్చి పోయింది. వాళ్లది మడిగెల పక్క సందులోనే రెండంతస్తుల ఇల్లు. మధ్యాహ్నం సుగుణక్క ఆ గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర వేసింది. కాసేపటికి నన్ను పిలిచింది. గొంతు వేరేగా ఉంది.

"రేణుకా, గిటు సూడు. నా కండ్లు తిరుగుతున్నయా, గివి రెండూ ఒక్క దిక్కుయేనా?"

చూశాను. జాకెట్ ముందు భాగాలు రెండు. ఒకటి కుడి, ఒకటి ఎడమ ఉండాలి. రెండూ ఎడమవే. మామూలు గుడ్డయితే ఒకదాన్ని తిరగేసి సరిపెట్టవచ్చు. ఇది జరీ గుడ్డ, తిరగేస్తే వెనక దారాలన్నీ బయటపడతాయి. కొత్తగా నేర్చుకునే వాళ్లు చేసే తప్పు అది. నేను నాలుగుసార్లు చేసి నాలుగుసార్లు తిట్లు తిన్నాను. ఆమె చేయగా మాత్రం చూడలేదు. కత్తెర తీసుకుందామని చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి కాలిపోతోంది. నాలుగు రోజులుగా చలిజ్వరం వస్తూ పోతూ ఉందట. ఎవరికీ చెప్పలేదు. చెబితే పడుకోమంటారు కదా. ఆమె భర్త నర్సింహ బావ బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్. ఫోను చేస్తే గ్రీజు చేతులతోనే ఆటో తీసుకొచ్చాడు. నేను షట్టరు దించి వాళ్లతోపాటు నల్లగొండ పోయాను.

దవాఖానలో ఫోటోలు తీశాక, ఒక వయసు మళ్లిన లేడీ డాక్టర్ ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. తిట్టలేదు. మెల్లగా అడిగింది.

"రోజుకు ఎన్ని నీళ్లు తాగుతవమ్మా?"

"పొద్దుగాల ఒక గిలాస, ఇంటికి పోయినంక రెండు గిలాసలు."

"మధ్యలో?"

"మధ్యల కుడుత మేడం" అంది సుగుణక్క.

ఆ జవాబుకు డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. ఆ తర్వాత చెప్పిందంతా నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తుంది. నీళ్లు లేక రాళ్లు కట్టాయి, ఆపుకోవడం వల్ల చీము పట్టింది, నొప్పి గోలీలు మిగిలింది తినేశాయి. ఎడమ కిడ్నీ పూర్తిగా పోయింది. కుడిది దెబ్బతింది గానీ పని చేస్తోంది. దాన్ని నిలబెట్టుకోవడం ఇక సుగుణమ్మ చేతుల్లోనే ఉంది. నీళ్లు తాగాలి, ఆపుకోకూడదు, గోలీలు బంద్, పని సగం చేయాలి. అదే తీరుగా ఉంటే అదీ పోతుంది. నర్సింహ బావ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. సుగుణక్క మాత్రం నా కొంగు పట్టి లాగింది. "నువ్వు మోత్కూర్ పో. షట్టర్ తెరువు. పండుగకు ఇస్తనని చెప్పిన అందరికి" అంది. అంత చెప్పాక కూడా ఆమె మనసు ఆ మాట మీదే ఉంది.

నేను తిరిగి వచ్చాను. మొండిదాన్ని కదా, అక్క ఇచ్చిన మాట నిలబెట్టి చూపిస్తానని పంతం పట్టాను. తొమ్మిది రోజులు ఒక్కదాన్నే కుట్టాను. మెడలు, చేతులు, గుండీలు, కాజాలు అన్నీ నేనే. లేచి పోవడానికి తీరిక లేదు కాబట్టి నీళ్లు తాగలేదు. సొరుగులో లవంగాలు ఉండనే ఉన్నాయి. డాక్టరమ్మ మాటలు నా చెవులతో విన్నాను, అయినా లవంగం నోట్లో పెట్టుకున్నాను. నాకు కాదులే, అక్కకు చెప్పింది అనుకున్నాను. మనిషికి బుద్ధి ఎంత ఆలస్యంగా వస్తుందో చూడండి.

సద్దులకు మూడు రోజుల ముందు సుగుణక్క ఆటో దిగింది. సగానికి సగమైపోయింది. మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకుంది. నేను ఎదురెళ్లి, "అక్కా, ఒక్క జాకెట్ కూడా ఆగలేదు. ఇంక పదకొండే ఉన్నాయి. అవీ అయిపోతాయి" అన్నాను. ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటుందనుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. నా దవడ వైపు చూసింది.

"నోట్ల ఏమున్నది?"

"లవంగం అక్కా."

"ఉమ్మెయ్."

నాకు అర్థం కాలేదు.

"ఉమ్మెయ్ అంటున్న! నాదొకటి సాలదా? నీది గూడ గావాల్నా గీ మడిగెకు?"

అంత గట్టిగా ఆమె అరవడం నేను అంతకుముందెన్నడూ వినలేదు. పక్క మడిగె నుంచి గాజుల లక్ష్మి పరిగెత్తుకొచ్చింది. నేను బయటికి వచ్చి ఉమ్మేశాను, నాకు ఏడుపొచ్చింది. సుగుణక్క సొరుగు లాగి లవంగాల డబ్బా తీసి రోడ్డు మీద బోర్లించింది. తర్వాత దవాఖాన సంచిలోంచి నీళ్ల సీసా, తన స్టీలు గ్లాసు తీసి నింపి నా చేతికిచ్చింది. ఒకటి తాగాను. రెండోది నింపింది. మూడోది నింపింది. నిలబడలేని మనిషి, నా ముందు నిలబడి మూడు గ్లాసులు తాగించింది. తాగిస్తూనే తనూ ఏడ్చింది. "నేనే నేర్పిన. నేనే గదా నీకు నేర్పిన" అని ఒకటే మాట అంటూ ఉంది.

మూడు గ్లాసులు తాగిన మనిషికి అరగంటలో ఏమవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అక్కతో అదే అన్నాను. ఎక్కడికి పోను? ఆమె నా చెయ్యి పట్టుకుని మెట్టు దిగి, పక్క సందులోకి తిరిగి, నేరుగా యజమాని ఇంటి ముందుకు నడిచింది. నా కాళ్లు ఆగిపోయాయి. ఊరవతలి మా వాడకట్టు మనుషులు ఆ ఇంటికి వస్తే వాకిట్లో నిలబడి మాట్లాడి పోవడమే గానీ గడప దాటడం నేనెరగను. సుగుణక్కా దాటలేదు. సరోజనమ్మ కొలతలు కూడా మడిగెకు వచ్చినప్పుడు తీసినవే. ఆమె ఆ రోజు తలుపు కొట్టింది.

సరోజనమ్మ తలుపు తీసి, సుగుణక్కను చూసి, "అయ్యో, గింత చిక్కిపోయినవేందే?" అంది.

"అమ్మా, రెండు ముచ్చట్లున్నయి. ఒకటి, మీ గద్వాల జాకెట్ తప్పు కోసిన. రెండు ఎడమలు కోసిన. గీ పండుగకు గాదు."

ఇరవై ఏళ్లుగా ఎవరికీ కాదనని మనిషి నోటి నుంచి "కాదు" అన్న మాట రావడం అదే మొదటిసారి. నేను ఊపిరి బిగబట్టాను. అప్పటికే నేను బిగబట్టింది చాలా ఉంది.

"రెండోది, మా రేణుక బాత్రూంకు పోవాలె. మీ మడిగెల జాగా లేదు. ఇరవై ఏండ్ల సంది మీ ఒంటి కొలతలు నా కాడున్నయి. నా ఒంట్ల ఏమైందో గూడ మీకు ఒక్కసారి తెల్వాలె గద. ఒక కిడ్నీ పోయింది. ఆపుకొని ఆపుకొని పోయింది. గీ పిల్లది పోనియ్య."

గొంతు పెంచలేదు, చేతులు జోడించలేదు. కొలతలు చదివినట్టు చదివింది. లోపల యజమాని టీవీ చూస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సరోజనమ్మ ఒకసారి వెనక్కి చూసి, పక్కకు జరిగి, "లోపట్కి రా బిడ్డా, కుడి దిక్కు ఉన్నది" అంది. నేను గడప దాటాను. చెప్పుకోవడానికి ఇదేం ఘనకార్యమని మీకు అనిపించవచ్చు. ఆ గడప ఎంత ఎత్తో మాకు తెలుసు.

మర్నాటి నుంచి పదకొండు గంటలకు సుగుణక్క కత్తెర పిడితో గ్లాసు మీద టంగున కొట్టేది. గాజుల లక్ష్మి, పూలవ్వ కూడా వాళ్ల చెంబులు ఎత్తేవాళ్లు. ఆ తర్వాత నలుగురం వరసగా సందులోని సరోజనమ్మ ఇంటికి నడిచేవాళ్లం. మూడు గంటలకు మళ్లీ. కూరగాయల దగ్గర కూర్చునే ఇద్దరు కూడా మాతో కలిశారు. పూలవ్వ నెమ్మదిగా నడిచేది కాబట్టి ఆమె కోసం ఆగుతూ, ముచ్చట్లు పెట్టుకుంటూ పోయేవాళ్లం. బజారంతా చూసేది. యజమాని పది రోజులు ఓర్చుకున్నాడు. పదకొండో రోజు, "నా ఇల్లును బస్టాండ్ జేసిన్రు!" అని భార్య మీద లేచాడట. "అయితే వాళ్లకు కట్టియ్యి" అందట సరోజనమ్మ. రెండు నెలలు తిరగకముందే మడిగెల వెనక, తుమ్మ చెట్లు కొట్టించిన చోట, తలుపూ గొళ్లెమూ నల్లా ఉన్న రెండు గదులు లేచాయి. ఆ ఊళ్లో ఎన్నో ప్రారంభోత్సవాలు చూశాను. మా పూలవ్వ ఆ తలుపుకు కట్టిన బంతిపూల దండంత అందమైనది ఎక్కడా చూడలేదు.

గద్వాల జాకెట్ సంగతి కూడా చెప్పాలి. చేతులకు ఉంచిన గుడ్డలోంచి సుగుణక్క కుడి భాగం తీసింది. చేతులకు వేరే రంగు పట్టు కలిపింది. దీపావళికి ఇచ్చింది. మరుసటి ఏడు ఊళ్లో సగం మంది, "సరోజనమ్మకు కుట్టినట్టు కుట్టు" అని వచ్చారు. తప్పు కోసిన జాకెట్ మోత్కూరుకు ఫ్యాషన్ అయింది.

అయితే నీళ్లు తాగడం తేలిక, పని తగ్గించుకోవడమే కష్టం. ఆమె సాయంత్రం ఆరు గంటలకు షట్టరు దించడం మొదలుపెట్టింది. ఆదివారం పూర్తిగా మూసేసింది. తర్వాతి బతుకమ్మకు ఇంకా మూడు వారాలుండగానే "ఈ పండుగకు ఇక తీసుకోము" అని అట్టముక్క మీద రాయించి వేలాడదీసింది. ఎదురుగా ఉన్న టైలరు దాన్ని చూసి, సుగుణమ్మ పనైపోయిందని నవ్వాడు. పెళ్లి జాకెట్ నుంచి బిడ్డ బారసాల జాకెట్ దాకా ఆమె దగ్గరే కుట్టించుకున్న ఒకామె వచ్చి బతిమాలింది, తర్వాత తిట్టింది, సంచి విసురుగా తీసుకుని ఎదుటి షాపు మెట్టెక్కింది. సుగుణక్క చేతులు ఒళ్లో పెట్టుకుంది. "కాదనుడు కంటె కుట్టుడే సులువుగ ఉండె రేణుకా" అంది. "కానీ కుట్టనీకె నేనుండాలె గద" అని మళ్లీ దారం ఎక్కించింది. పోయినవాళ్లలో కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ఇస్తానన్న రోజు ఇవ్వడం మాత్రం ఆమె మానలేదు. ఇవ్వగలిగినంతే ఒప్పుకునేది, అంతే. ఆ మిగిలిన ఒక్క కిడ్నీతో ఆమె ఆరేళ్లు కుట్టింది. అవి ఆమె కొట్లాడి సంపాదించుకున్న ఏళ్లు.

నా భర్త పని నకిరేకల్ బత్తాయి మార్కెట్‌కు మారినప్పుడు నేనూ ఇక్కడ షాపు వెతుక్కున్నాను. ప్రతి షట్టరు ముందు నిలబడి కిరాయి అడగకముందే బాత్రూం ఎక్కడని అడిగాను. ఇద్దరు యజమానులు నవ్వారు, ఒకడు విసుక్కున్నాడు, నాలుగో ఆయన చూపించాడు. షాపు తెరిచే రోజు సుగుణక్క వచ్చింది. మిషన్లు చూడలేదు, బోర్డు చూడలేదు. నేరుగా వెనక్కి పోయి తలుపు గొళ్లెం పెట్టి తీసి, నల్లా తిప్పి, నీళ్లు చేతిలో పట్టి చూసి వచ్చింది. "ఇగ తెరువు" అంది.

పోయిన ఏడు ఆమె రెండో కిడ్నీ కూడా అలిసిపోయింది. ఆలస్యంగా తెలిసిన జబ్బు, ఇన్నాళ్లు ఆగడమే గొప్ప అని డాక్టరమ్మ అందట. వారానికి రెండుసార్లు మిషన్ మీద రక్తం శుభ్రం చేయించుకునేది. "జీవితమంత మిషన్‌తోనే అయింది" అని నవ్వేది. నేను చూడటానికి పోయినప్పుడు మంచం పక్కన గీతలు పెట్టిన చిన్న ప్లాస్టిక్ కప్పు ఉంది. ఇప్పుడు ఆమె నీళ్లు కొలిచి తాగాలి. ఒంట్లో నీళ్లు బయటికి పోయే దారి లేదు. రోజు మొత్తానికి ఇన్ని కప్పులే అని డాక్టర్ల ఆంక్ష. పెదవులు ఎండి పగిలాయి. నేను బస్సు దిగి ఎండలో నడిచి వచ్చాను. నా గొంతూ ఎండిపోయింది, అయినా ఆమె ముందు నీళ్లు అడగడానికి నోరు రాలేదు.

ఆమె గడియారం వైపు చూసింది. "పదకొండైంది" అంది. నర్సింహ బావను పిలిచి ఆ స్టీలు గ్లాసులో నీళ్లు తెప్పించింది.

"తాగు."

"తర్వాత తాగుతలే అక్కా."

"నేను తాగద్దు. నువ్వు తాగు. నేను సూస్త."

తాగాను. గుటక గుటకకూ ఆమె నా గొంతు వైపే చూసింది. గ్లాసు ఖాళీ అయ్యాక తల కిందికీ మీదికీ ఊపింది, నా మొదటి జాకెట్ చేతులు సరిగ్గా కుదిరిన రోజు ఊపినట్టే. క్రిస్మస్ రాకముందే ఆమె పోయింది. అందరూ ఆమె కత్తెర నాకే ఇవ్వాలన్నారు. నేను గ్లాసు అడిగాను. దాని అంచంతా కత్తెర దెబ్బలకు చిన్న చిన్న నొక్కులు పడి ఉంది. తాగేటప్పుడు పెదవికి తగులుతాయి.

ఇవాళ కొలతలిచ్చిన ఆ కొత్తామె మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. ఇంకో ఐదు జాకెట్లు తెచ్చి, అన్నీ ఎల్లుండికే కావాలంది. ఎంతైనా ఇస్తానంది. కాదన్నాను. ఎంత అడిగినా కాదన్నాను. మెట్టు దిగుతూ, నాకు వినిపించేటట్టే, "గీ టైలరమ్మకు మస్తు పొగరున్నది" అంది. లోపల నా దగ్గర పనిచేసే ముగ్గురూ తలలు వంచుకుని నవ్వారు. ఆ పొగరు నాకు పుట్టుకతో రాలేదు. మోత్కూరులో మూడో మడిగెలో, ఒక మనిషి తన కిడ్నీ ఇచ్చి నేర్పింది.

మూడు గంటలైంది. కత్తెర తీసి గ్లాసు అంచు మీద కొట్టాను. మిషన్లు ఆగాయి. అందరికంటే ముందు నేనే తాగాను, అడుగు దాకా, ఆమె చూస్తున్నప్పుడు తాగినట్టే.